చెస్‌ని కంప్యూటర్ ఎప్పటికైనా పూర్తిగా సాల్వ్ చేసేస్తుందా? గుడివాడ నుంచి న్యూయార్క్ దాకా ఒక లెక్క

ఇవాల్టి ఎపిసోడ్‌లో మాట్లాడుకోబోయేది చదరంగం గురించి. ఎలా ఆడాలో చెప్పను, దానికి బోలెడు వీడియోలున్నాయి. నేను చెప్పేది ఒకే ఒక్క ప్రశ్న గురించి. చెస్‌ని కంప్యూటర్ పూర్తిగా, అంటే చివరి ఎత్తు వరకూ ఇంకేం మిగల్చకుండా, సాల్వ్ చేసెయ్యగలదా?

మన గుడివాడ, బందరు, అవనిగడ్డ వైపు ఇళ్లలో ఈ ప్రశ్న ఇంకో రకంగా వినిపిస్తుంది. "ఫోనే ప్రపంచ ఛాంపియన్‌ని ఓడిస్తుంటే మా వాడికి చెస్ కోచింగ్ ఎందుకండీ, డబ్బులు దండగ" అని. అడగడంలో తప్పు లేదు. పదేళ్ల పిల్లాడి సాయంత్రాలన్నీ దీనికి పెట్టాలా వద్దా అన్నది చిన్న నిర్ణయం కాదు. అందుకే సమాధానం లెక్కతో చెప్పుకుందాం.

ముందు ఒక తేడా పట్టుకోండి. "బాగా ఆడటం" వేరు, "సాల్వ్ చెయ్యడం" వేరు. ఈ రెండూ కలిపేస్తే మొత్తం గందరగోళమే.

సాల్వ్ చెయ్యడం అంటే ఏంటో చింతపిక్కలతో చెప్తాను. 21 పిక్కలు నేల మీద పొయ్యండి. ఇద్దరు ఆడతారు. ఒక్కొక్కరు తన వంతుకి ఒకటి గానీ, రెండు గానీ, మూడు గానీ తియ్యాలి. ఆఖరి పిక్క ఎవరు తీస్తే వాళ్లే గెలిచినట్టు. ఇప్పుడు ముందు నుంచి కాకుండా చివరి నుంచి ఆలోచించండి. నా వంతు వచ్చేసరికి నాలుగు పిక్కలు మిగిలాయనుకోండి. నేను ఒకటి తీస్తే మీరు మూడు తీస్తారు, నేను రెండు తీస్తే మీరు రెండు, నేను మూడు తీస్తే మీరు ఒకటి. ఏం చేసినా నేను ఓడిపోయినట్టే. అంటే 4 ఓటమి అంకె. అదే లెక్కన వెనక్కి వెళ్తే 8, 12, 16, 20 కూడా ఓటమి అంకెలే. కాబట్టి 21తో మొదలుపెట్టేవాడు ఒక్క పిక్క తీసి అవతలివాడికి 20 మిగిల్చితే, ఇక అక్కణ్ణుంచి అవతల కూర్చున్నది ఎవరైనా సరే, గెలుపు మనదే.

అయిపోయింది. ఆ ఆట సాల్వ్ అయిపోయింది. ఇక్కడ తెలివి, అనుభవం, అదృష్టం ఏవీ అక్కర్లేదు. చిన్నప్పుడు నోటుబుక్ వెనక పేజీలో ఆడే ఇంటూ-సున్నా ఆట కూడా అంతే. ఇద్దరూ తప్పు చెయ్యకపోతే ఎప్పుడూ డ్రానే.

చెస్‌కి కూడా ఇలాంటి సమాధానం ఉందా? ఉంది. 1913లోనే జర్మన్ గణిత శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ జెర్మెలో దీని మీద పేపర్ రాశాడు. ఆయన చెప్పినదాన్ని మన మాటల్లో పెట్టుకుంటే ఇలా ఉంటుంది: చెస్‌లో పాచికలు లేవు, దాచిన పేక ముక్కలు లేవు, అంతా కళ్ల ముందే ఉంది. కాబట్టి మూడింట్లో ఒకటి కచ్చితంగా నిజం. తెల్లవాళ్లు ఎలాగైనా గెలవగలరు, లేదా నల్లవాళ్లు ఎలాగైనా గెలవగలరు, లేదా ఇద్దరూ ఎలాగైనా డ్రా చేసుకోగలరు. ఈ మూడింట్లో ఏది అన్నది మాత్రం నూట పదేళ్లు దాటినా ఇవాల్టికీ ఎవరూ నిరూపించలేదు. ఇన్ని సూపర్ కంప్యూటర్లు ఉన్నా సరే.

ఎందుకని? ఇక్కడే అంకెలు రంగంలోకి దిగుతాయి.

చెస్ బోర్డు మీద రూల్స్ ప్రకారం రాగలిగిన పొజిషన్లు ఎన్ని? జాన్ ట్రాంప్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త వేసిన అంచనా ప్రకారం సుమారు 48 పక్కన 43 సున్నాలు. ఇవి పొజిషన్లు మాత్రమే. మొత్తం ఆటలు ఎన్ని ఉండొచ్చో 1950లోనే క్లాడ్ షానన్ ఒక రఫ్ లెక్క వేశాడు. అది 1 పక్కన 120 సున్నాలు.

ఈ రెండు అంకెలకీ అంత తేడా ఏంటంటారా? గుడివాడ నుంచి బందరు వెళ్లాలంటే పెడన మీదుగా వెళ్లొచ్చు, పామర్రు మీదుగా కూడా వెళ్లొచ్చు. దారులు వేరు, దిగే ఊరు ఒకటే. చెస్‌లో కూడా వేర్వేరు ఎత్తుల వరసలతో ఒకే పొజిషన్‌కి చేరతాం. సాల్వ్ చెయ్యడానికి దారులన్నీ లెక్కపెట్టక్కర్లేదు, ఊళ్లు లెక్కపెడితే చాలు. కాబట్టి మన చేతిలో ఉన్న అంకె 48 పక్కన 43 సున్నాలు.

అది ఎంత పెద్దదో వడ్లతో చూద్దాం. చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని వడ్లగింజలు అడిగిన కథ మీరు వినే ఉంటారు. మొదటి గడికి ఒకటి, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, అలా 64 గళ్లకీ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. గింజ 20 మిల్లీగ్రాములు అనుకుంటే సుమారు 37 వేల కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచం మొత్తం ఏడాదికి పండించే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. అంటే భూమ్మీద ఉన్న మాగాణి అంతా నాలుగొందల ఏళ్లకు పైగా పండిస్తే గానీ ఆ రాజుగారి బాకీ తీరదు.

ఇప్పుడు ఆ రాశిలో నుంచి ఒక్కో గింజనీ తీసి, ప్రతి గింజకీ బదులు మళ్లీ అంత రాశి పొయ్యండి. పోశారా? అదంతా కలిపి మళ్లీ 14 లక్షల సార్లు చెయ్యండి. అప్పుడు చెస్ పొజిషన్ల సంఖ్యకి దగ్గరకొస్తాం. మన కృష్ణా డెల్టా గోడౌన్లు సరిపోవని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

టైమ్ సంగతి చూద్దాం. సెకనుకి కోటి కోట్లు కాదు, అంతకన్నా పదివేల రెట్లు ఎక్కువ, అంటే 1 పక్కన 18 సున్నాలన్ని పొజిషన్లు చూసే మెషిన్ ఉందనుకోండి. దానికి కూడా పొజిషన్లన్నీ ఒక్కసారి చూడ్డానికి పట్టే కాలం, ఈ విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లకి మళ్లీ నూరు కోట్ల రెట్లు పైన. చూడ్డానికే అంత. జవాబులు రాసిపెట్టుకునే చోటు సంగతి ఇంకా మాట్లాడలేదు.

మరి ఏ ఆటలూ సాల్వ్ కాలేదా అంటే, బోలెడు అయ్యాయి. నాలుగు బిళ్లలు వరసగా పేర్చే కనెక్ట్ ఫోర్ ఆట 1988లో సాల్వ్ అయ్యింది. మొదట ఆడేవాడు తప్పు చెయ్యకపోతే గెలుస్తాడు. చెకర్స్ ఆట సంగతి ఇంకా గొప్పది. కెనడాలో ఆల్బెర్టా యూనివర్సిటీకి చెందిన జోనథన్ షాఫర్ 1989లో మొదలుపెట్టి, 2007లో పూర్తిచేశాడు. పద్దెనిమిదేళ్లు! జవాబు డ్రా.

మన పులిజూదం గుర్తుందా? మూడు పులులు, పదిహేను మేకలు. గుడి మండపం బండల మీద గీతలు గీసి ఆడేవాళ్లు పెద్దవాళ్లు. దానికి దగ్గర చుట్టం నేపాల్‌లో ఉంది, పేరు బాఘ్‌చాల్. నాలుగు పులులు, ఇరవై మేకలు. దాన్ని కూడా లిమ్ యూ జిన్, యుర్గ్ నీవెర్‌గెల్ట్ అనే ఇద్దరు కంప్యూటర్‌తో సాల్వ్ చేశారు. జవాబు అక్కడా డ్రానే.

చెకర్స్ కథలో మనకి పనికొచ్చే కిటుకు ఒకటుంది. ఆ ఆటలో పొజిషన్లు 5 పక్కన 20 సున్నాలు. షాఫర్ అవన్నీ చూడలేదు. సుమారు కోటి కోట్ల పొజిషన్లు చూసి నిరూపణ పూర్తిచేశాడు. అదెలా? చింతపిక్కల ఆటే మళ్లీ గుర్తు తెచ్చుకోండి. 21తో మొదలైతే నేను ఒకటే తీస్తాను. రెండు తీస్తే ఏమవుతుందో, మూడు తీస్తే ఏమవుతుందో నాకు అనవసరం. నా వైపు నుంచి ఒక మంచి ఎత్తు దొరికితే చాలు. అవతలివాడివి మాత్రం అన్ని ఎత్తులకీ జవాబు ఉండాలి. అలా కొమ్మలు కొట్టుకుంటూ పోతే చెట్టు చాలా చిన్నదవుతుంది. దీన్ని వీక్ సాల్వ్ అంటారు. ఆట మొదలు నుంచి గెలుపో డ్రానో గ్యారంటీ ఇస్తుంది. ప్రతి పొజిషన్‌కీ జవాబు తెలిస్తే అది స్ట్రాంగ్ సాల్వ్.

కాబట్టి నా సమాధానం రెండు ముక్కలు. చెస్‌ని స్ట్రాంగ్‌గా సాల్వ్ చెయ్యడం మనకి తెలిసిన ఫిజిక్స్‌తో అయ్యే పని కాదు. వీక్‌గా సాల్వ్ చెయ్యడం అసాధ్యం అని ఎవరూ నిరూపించలేదు. కానీ కొమ్మలు కొట్టేసినా మిగిలే చెట్టు ఇవాల్టి మెషిన్లకి అందనంత దూరంలో ఉంది. "క్వాంటమ్ కంప్యూటర్ వస్తే?" అంటారేమో. ఇలాంటి వెతుకులాటలో క్వాంటమ్ పద్ధతులకి తెలిసిన లాభం ఏంటంటే, పనిని దాని వర్గమూలం దాకా తగ్గించగలగడం. అది చాలా పెద్ద లాభమే, కాదనను. కానీ అంత పెద్ద అంకెకి వర్గమూలం కూడా పెద్ద అంకెే. పైగా అంత పని నమ్మకంగా చేసే క్వాంటమ్ మెషిన్ ఇవాళ ఎక్కడా లేదు.

అయితే చెస్‌లో ఒక మూల మాత్రం ఇప్పటికే సాల్వ్ అయిపోయింది. ఇది చాలామందికి తెలీదు. రాజులతో కలిపి బోర్డు మీద ఏడు పావులు, అంతకన్నా తక్కువ మిగిలితే, ఆ పొజిషన్‌కి జవాబు కచ్చితంగా తెలుసు. వీటిని టేబుల్‌బేస్‌లు అంటారు. పద్ధతి చింతపిక్కల పద్ధతే. ముందు ఆటకట్టు అయిన పొజిషన్లన్నీ రాసుకుంటారు. అక్కణ్ణుంచి ఒక ఎత్తు వెనక్కి, రెండు ఎత్తులు వెనక్కి, అలా వెళ్తారు. మాస్కో యూనివర్సిటీ సూపర్ కంప్యూటర్ మీద 2012లో ఏడు పావుల పని పూర్తయ్యింది. తర్వాత 2018లో సిజిజీ అనే మరో సెట్ వచ్చింది. ఏడు పావుల పొజిషన్లు సుమారు 4 కోట్ల 24 లక్షల కోట్లు.

సైజు ఎలా పెరుగుతుందో చూడండి. సిజిజీలో ఐదు పావుల దాకా ఫైళ్లు ఒక జీబీ లోపే, అంటే ఒక సినిమా డౌన్‌లోడ్ అంత. ఆరు పావులకి సుమారు 150 జీబీ. ఏడు పావులకి సుమారు 17 టీబీ, అంటే 128 జీబీ ఫోన్లు దాదాపు 140 కావాలి. ఒక్క పావు పెరిగితే వంద రెట్లకు పైన. ఆట మొదలయ్యేది 32 పావులతో. ఇంకా 25 మెట్లున్నాయి.

ఆ మూలలో దొరికిన జవాబులు చూస్తే మతిపోతుంది. ఏడు పావుల పొజిషన్లలో ఒకదానికి ఆటకట్టు 549 ఎత్తుల తర్వాత వస్తుంది. మనుషులెవరికీ అందులో తలా తోకా అర్థం కాదు. ఇంకొకటి చెప్తాను. రెండు శకట్లకీ ఒక గుర్రానికీ మధ్య ఆట డ్రా అని వందేళ్లకు పైగా పుస్తకాల్లో రాశారు. కెన్ థాంప్సన్ అనే ఆయన 1980ల్లో కంప్యూటర్‌తో చివరి నుంచి లెక్క కట్టేసరికి అది మామూలుగా గెలుపు అని తేలింది. పెద్ద పెద్ద ఆటగాళ్ల నమ్మకం ఒకటి, నిరూపణ ఇంకొకటి.

ఇప్పుడు మీ ఫోన్‌లో ఉన్న స్టాక్‌ఫిష్ సంగతి. అది ప్రపంచ ఛాంపియన్ కన్నా బలమైనది, అనుమానం లేదు. కానీ అది ప్లస్ 0.3 అని చూపించినప్పుడు చెప్పేది నిరూపణ కాదు, అంచనా. బందరులో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది కదా. అది తుపాను ఎటు వెళ్తుందో చెప్తుంది, చాలావరకు బాగానే చెప్తుంది. అయినా తీరం దాటేదాకా అది అంచనాయే. 1977 నవంబర్ 19 ఉప్పెన చూసిన దివిసీమ పెద్దవాళ్లకి అంచనాకీ జరిగినదానికీ తేడా మనం చెప్పక్కర్లేదు. ఇంజన్ రాడార్ లాంటిది. టేబుల్‌బేస్ మాత్రం తుపాను వెళ్లిపోయాక రాసిన రికార్డు లాంటిది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. మెషిన్ మనకన్నా బలంగా ఆడుతుంటే నేర్చుకోవడం దండగా?

1997 మే నెలలో న్యూయార్క్‌లో ఐబీఎమ్ వాళ్ల డీప్ బ్లూ, గ్యారీ కాస్పరోవ్‌ని మూడున్నర - రెండున్నర తేడాతో ఓడించింది. సెకనుకి 20 కోట్ల పొజిషన్లు చూసే మెషిన్ అది. చెస్ పనైపోయింది అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. సరిగ్గా అదే ఏడాది, గుడివాడలో పుట్టిన ఒక పదేళ్ల అమ్మాయి ప్రపంచ అండర్-10 బాలికల టైటిల్ గెలిచింది. ఆ అమ్మాయి కోనేరు హంపి. కోచ్ వాళ్ల నాన్నగారు కోనేరు అశోక్. 2002లో, పదిహేనేళ్ల వయసులో, హంపి గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. అప్పటికి ప్రపంచంలో అంత చిన్న వయసులో ఆ హోదా అందుకున్న మహిళ ఇంకొకరు లేరు.

మెషిన్లు ఆగలేదు. 2017లో ఆల్ఫాజీరో రూల్స్ మాత్రం తెలుసుకుని, తనతో తనే ఆడుకుని, కొన్ని గంటల్లోనే అప్పటి స్టాక్‌ఫిష్‌ని దాటేసింది. హంపి గారూ ఆగలేదు. తల్లి అయ్యాక తిరిగొచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచారు. 2024 డిసెంబర్‌లో రెండోసారి గెలిచారు, పదకొండు ఆటల్లో ఎనిమిదిన్నర పాయింట్లతో. ఎక్కడ? న్యూయార్క్‌లో. డీప్ బ్లూ గెలిచిన ఊళ్లోనే, 27 ఏళ్ల తర్వాత.

అదే నెలలో సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆఖరి ఆట. చెన్నైలో పుట్టిన తెలుగు కుటుంబం పిల్లాడు గుకేశ్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్. గుకేశ్ వెనక ఉన్న టీమ్‌లో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఉన్నారు. గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువే గానీ, ఇంజన్లన్నీ డ్రా అనే చూపిస్తున్నాయి. 55వ ఎత్తులో డింగ్ ఏనుగుని తప్పు గడిలో పెట్టాడు. ఏనుగులు పోయాయి, శకట్లు పోయాయి, రాజులూ బంట్లూ మిగిలాయి. అంటే ఆట టేబుల్‌బేస్ మూలలోకి వచ్చేసింది. అక్కడ జవాబు ఒక్కటే, నల్లవాళ్ల గెలుపు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

అలిసిపోయిన మనిషి, టిక్‌టిక్‌మనే గడియారం, ఎదురుగా వదలని ఇంకో మనిషి. అసలు పోటీ అక్కడుంది. 2025 జూలైలో బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో అదే గడియారం హంపి గారి మీద కూడా పనిచేసింది. రెండు క్లాసికల్ ఆటలూ డ్రా అయ్యాక, టైబ్రేక్‌లో 19 ఏళ్ల దివ్యా దేశ్‌ముఖ్ గెలిచింది. ఏ టేబుల్‌బేస్ వచ్చినా ఈ భాగం మారదు.

ఇంకో విషయం కూడా ఒప్పుకోవాలి. సాక్ష్యాలన్నీ చెస్ జవాబు డ్రా అనే వైపే ఉన్నాయి. ఇంజన్ల సాయం తీసుకోవచ్చు అని రూల్ ఉన్న కరస్పాండెన్స్ చెస్‌లో, పై స్థాయి ఆటలు చాలామటుకు డ్రాలే. రేపు ఎవరైనా "చెస్ డ్రా" అని నిరూపించినా గుడివాడ పిల్లాడి ఆటలో పెద్దగా మారేదేం ఉండదు. ఆ నిరూపణ ఏ మనిషి తలలోనూ పట్టదు. చెకర్స్ సాల్వ్ అయ్యి పద్దెనిమిదేళ్లు దాటింది, ఆడేవాళ్లు ఇంకా ఆడుతూనే ఉన్నారు.

కాబట్టి కోచింగ్ గురించి అడిగే అమ్మానాన్నలకి నేను చెప్పేది ఇది. పిల్లాడికి ఆట ఇష్టమైతే, మెషిన్ ఉందన్న కారణంతో మాత్రం ఆపకండి. ఇష్టం లేకపోతే, హంపి గారి పేరు చెప్పి బలవంతం చెయ్యకండి.

ఆడే పిల్లలకి రెండు మాటలు. ఆట అయ్యాక వెంటనే ఇంజన్ ఆన్ చెయ్యొద్దు. ఎక్కడ తప్పు జరిగిందో ముందు మీరే వెతికి ఒక కాగితం మీద రాసుకోండి, అప్పుడు ఇంజన్‌తో సరిచూసుకోండి. రెండోది, ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు పక్కన ఇంకో ఫోన్‌లో ఇంజన్ పెట్టుకోవద్దు. రేటింగ్ పెరుగుతుంది గానీ, ఎదుటివాళ్లకి చేసేది మోసం. రేపు బోర్డు ముందు కూర్చుంటే ఆ రేటింగ్ సాయం రాదు.

ఇంట్రెస్ట్ ఉంటే ఈ రాత్రే ఒకటి చేసి చూడండి. లిచెస్‌లో టేబుల్‌బేస్ ఫ్రీగానే ఉంది. ఒక రాజు, ఒక బంటు, ఎదురుగా ఒక రాజు, అంతే, మూడు పావులు పెట్టండి. గెలుపా, డ్రానా ముందు మీరు చెప్పండి, తర్వాత స్క్రీన్ చూడండి. బంటుని ఒక గడి పక్కకి జరిపి మళ్లీ చెప్పండి. పది సార్లలో ఎన్ని సరిగ్గా చెప్పారో రాసుకోండి.

ఇవాల్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటాను మరి.